సంత కోసం ఆగిన రిపోర్టులు

ఆస్పత్రి రికార్డుల గదిలో కొత్త పద్ధతి పెట్టి నెలయింది. నెల సెలవు నుంచి తిరిగొచ్చిన గుమాస్తా యూనిసమ్మ మెచ్చుకుంటుందనే, ఆ పద్ధతి పెట్టిన విమల్ ఎదురుచూశాడు. ఆమె తన ఖాళీ బల్ల చూసి నిలబడిపోయింది.

“రక్తపరీక్షల కాగితాలేవి బాబూ?”

“ఇప్పుడు ఆగట్లేదమ్మా. మీ బల్ల మీద ఒక్కోటి నాలుగైదు రోజులు ఆగిపోయేది. ఇప్పుడు రిపోర్టు రాగానే కంప్యూటరే వాళ్ల ఫోనుకి మెసేజీ పంపిస్తంది.”

“అవి ఆగిపోలేదు. నందపూర్ సంత కోసం నేనే ఆపీదాన్ని. సంతకెళ్లి ఎవులిది ఆళ్ల సేతికిచ్చి, మందులకి ఎప్పుడు రావాలో ఆళ్ల దేశియా బాసలో సెప్పీదాన్ని.”

“మీ పనుల జాబితాలో అది రాయలేదు కదమ్మా.”

“అదీ పనేనని ఎవులనుకున్నారు? సర్లే, సుక్రి అని కడుపుతో ఉన్న పిల్ల, నేను సెలవుకెళ్లే ముందురోజు రక్తమిచ్చింది. మొహం తెల్లగా పాలిపోయుంది. మళ్లీ వచ్చిందా?”

విమల్ తెర మీద చూశాడు. రక్తం బాగా తక్కువని ఎర్ర అక్షరాల్లో ఉంది.

“రాలేదమ్మా. మెసేజీ మాత్రం చేరింది.”

“ఏ నంబరుకి?”

అతను చదివాడు. యూనిసమ్మ మెల్లగా కూర్చుంది.

“అది సంతలో ఉప్పమ్మే ముసలాయనది. ఫోను లేనోళ్లందరూ ఆ నంబరే ఇస్తారు. ఆయనకి సదువు రాదు.”

విమల్ ఆ నంబరును జాబితాలో వెతికాడు. ఒక్క నెలలో ముప్పై ఒక్క పేర్లు. ప్రతి పేరు పక్కనా ‘చేరింది’ అని పచ్చగా ఉంది.

“అన్నీ కాగితం మీద తియ్యి బాబూ. ఇయాల సంతే. సుక్రిది పైన పెట్టు.”