షెడ్డులో పట్టని బండి

చిన్నల్లుడు పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను జానెడు ఎత్తు లేపి, లావుపాటి టైర్లు వేసి, ఆకుపచ్చ రంగు కొట్టించాడు. షెడ్డు ముందు మెరిసిపోతున్న దాన్ని చూడగానే పెద్దల్లుడికి కన్ను కుట్టింది.

“ఇంత ఎత్తు లేపావు, షెడ్డులో పడుతుందా తమ్ముడూ?”

“పట్టలేదన్నయ్యా. కొలవడం మర్చిపోయా. గుమ్మం ఎత్తు పెంచి, కొత్త తలుపులు పెట్టాల్సొచ్చింది.”

“బాగా అయింది! తలుపులు ఎవరు చేశారు?”

“మామయ్యే.”

“మామయ్యా? నేను ఒక్క అలమర చేసిపెట్టమంటే చేతులు వణుకుతున్నాయి, వడ్రంగం మానేశానన్నారే!”

“అవును, బాగా వణుకుతున్నాయి.”

“మరి నీకెలా చేశారయ్యా? నేనేం పాపం చేశాను?”

“నువ్వేం చేశావన్నయ్యా! పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంపం రెండో కొస నేను పట్టుకున్నా, అంతే.”