మూడో లైను

దిద్దిన పేపర్లు మళ్లీ చూపించే గది. బల్లకి అటు దిద్దిన లెక్చరరమ్మ, ఇటు జుట్టు నెరిసిన పెద్దాయన.

"జవాబు నాలుగే కదమ్మా?"

"నాలుగేనండి."

"మా బావమరిది వేసిందీ నాలుగే. మరి ఆ ఒక్క మార్కూ ఎందుకు కట్ చేసినట్టు?"

"మూడో లైను చూడండి. పై రెండు లైన్లలోనూ లిమిట్ అని రాశారు, ఎక్స్ రెండుకి దగ్గరవుతోందని. మూడో దాంట్లో లేదు. ఉత్త ఎక్స్ ప్లస్ రెండు ఈక్వల్టు నాలుగు."

"ఒక్క మాట మర్చిపోయినందుకేనా..."

"ఒక్క మాట కాదండి. ఎక్స్ రెండు దగ్గరికి వస్తుంది గానీ రెండు కాదు. కాదు కాబట్టేగా పైనా కిందా ఎక్స్ మైనస్ రెండు కొట్టేశారు? కొట్టేశాక ఎక్స్ రెండే అంటున్నారు. అలాగైతే కొట్టేసింది సున్నానీ సున్నానీ."

"అది నాకు తెలీదా? అంటే... వాడికి తెలీదా? పాతికేళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. పాత పంతుళ్లూ పరీక్ష పాసవ్వాలని ఇప్పుడు కొత్త రూలు పెట్టారు. ఈ వయసులో పంతులుకి పరీక్షేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారు."

"పాసవకపోతే?"

"వచ్చే నెల నుంచి క్లాసు ఉండదు. ఆఫీసులో ఫైళ్ల దగ్గర కూర్చోబెడతారట. పాసుకి యాభై, వాడికి నలభై తొమ్మిది. క్లాసు తప్ప వాడికి ఇంకో లోకం లేదమ్మా."

"ఆయనే రావచ్చుగా?"

"సిగ్గు. గడప దాటడం లేదు. గంట కొట్టేస్తారని తొందరలో రాశాను... రాశాడు."

"ఊఁ."

"నవ్వుతున్నారా?"

"లేదండి. నాకు లెక్కలు చెప్పిన మాస్టారు లిమిట్ రాయకపోతే మార్కు ఉంచేవారు కాదు. నాకూ అదే అలవాటైంది."

"ఎవరమ్మా ఆ మహానుభావుడు? అవతలివాడి బతుకేమవుతుందో ముందూ వెనకా చూసుకోవద్దూ?"

"నేనూ అదే అడిగాను. స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, ఏడుస్తూ."

"ఏమన్నాడు?"

"జాలి పడితే లెక్క తప్పుతుందన్నారు. ఒక్క మార్కుతో తప్పి ఆ ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాను."

"రాతిగుండె."

"అలా అనకండి. ఆ తర్వాత నేనెప్పుడూ లిమిట్ మర్చిపోలేదు."

"అయితే మావాడికి ఇవ్వరన్నమాట."

"ఇస్తాను. కాకపోతే ఒక కాగితం కావాలి. 'జవాబు సరిగ్గా ఉండగా ఇంతమాత్రానికి మార్కు కట్ చెయ్యడం తప్పు' అని రాసి."

"అదెంతసేపు. ఇలా ఇవ్వండి, నేనే రాసిస్తాను. సంతకం వాడిదే ఉండాలా?"

"మీది చాలు."

"ఇదిగో. తేదీ కూడా వేసేస్తాను."

"తేదీ నేను వేసుకుంటాను మాస్టారూ. పద్నాలుగేళ్ల కిందటిది. నా పేపరు మీద ఎర్ర సిరాతో 'లిమిట్ ఏది?' అని రాసిందీ ఈ చెయ్యే."