ముంజల పైడమ్మ ఇంటి గుర్తు

పైడమ్మని ఒకామె ఉండేదంట, ముంజలమ్ముకునేది. వేసంగొచ్చిందంటే తెల్లారగానే గంప నెత్తినెట్టుకుని కోట ఊరికెల్లిపోయేది. వాళ్ళమ్మ పోతూ పోతూ ఆమెకో చీరిచ్చింది, పసుపచ్చ చీర, ఎర్రంచు. మరేటీ ఇవ్వలేదు, ఇవ్వడానికి ఇంట్లో ఉంటే కదా. ఆ చీర పైడమ్మ ఊరికే కట్టదు. అమ్మోరి పండక్కి కడుతుంది, మళ్ళీ ఉతికించి పెట్లో దాచేస్తుంది. ఆ చీర చెంగు మూల చాకలి గుర్తుంది. మీకు తెలుసు కదా, ఒకింటి బట్ట ఇంకో ఇంటికెల్లకుండా రేవులో నల్లజీడి రసంతో గుర్తెడతారు, బట్ట చిరిగిపోయినా గుర్తు పోదు. పైడమ్మ ఇంటి గుర్తు మూడు చుక్కలు, కిందో కొక్కెం. ఆ కొక్కెం చూస్తే చాలు, రేవులో బట్టలుతికే చాకలి గురివి ఇది పైడమ్మొదినదని పక్కనెట్టేసేది.

ఇప్పుడు ఆ కోట ఊరి రాణిగారున్నారు చూడు, ఆవిడకో సరదా. ఏటా చలి పోయి మోదుగలు పూసేసరికి, ఆ వేసవికి ఊళ్ళో ఆడవాళ్ళు ఏం కట్టాలో ఆవిడే చెప్పాలంట. చెప్పకపోతే పాపం వీళ్ళకి చీర కట్టడం రాదు, మొన్నటిదాకా కొంగెక్కడుందో తెలీకుండానే బతికేశారు మరి. ఆవిడకి చెప్పడానికి సింగారప్పని ఒక పెద్దమనిషి. కోట ముందు పొడుగ్గా బల్లలు పరిపిస్తాడు. దాని మీద బక్కపలచని పిల్లలు, అన్నం మొహం చూసి ఎన్నాళ్ళయిందో, ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తారు. నవ్వకూడదంట. నవ్వితే బట్ట కనబడదంట. అటూ ఇటూ దొరసానులు కూచుని ఆహా అంటారు. ఒక ఏడు రైకకి ఒకటే చెయ్యన్నాడు. రెండో చెయ్యేదయ్యా అంటే, వేసవి కదా, గాలికొదిలేశానన్నాడు. ఇంకో ఏడు దోమతెర లాంటి చీరలు కట్టించాడు. కట్టినామె తప్ప ఊరంతా సిగ్గుపడ్డారనుకో. మరి ఈ ఏడు ఏమైందంటే, బుర్రలో ఏదీ మిగల్లేదు. ఆ పిల్లలకి గోనెపట్టాలు చుట్టి తోలాడు. రాణిగారు తలూపలేదు. ఇంకోసారి తిప్పాడు. ఊహూ, ఊపలేదు. సింగారప్పకి చెమటలు కారిపోతున్నాయి.

ఆరోజు అమ్మోరి పండగంట. ముంజలమ్మేసి అట్నించటే గుడికెల్దామని పైడమ్మ వాళ్ళమ్మ చీర కట్టుకునొచ్చింది. వస్తే దారికడ్డంగా ఈ బల్లలు. చుట్టూ తిరిగెల్లే ఓపిక లేక బల్లెక్కేసింది. నెత్తిన గంపుంది, మెడ తిప్పలేదు. ఎండకి మొహం మాడిపోయింది, నవ్వలేదు. దొరసానులంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, ఇప్పటిదాకా నడిచిన వాళ్ళందర్లోకీ ఈమే బాగా నడుస్తోందనుకున్నారు. సింగారప్ప ఒక్క గెంతు గెంతి చెంగట్టుకున్నాడు. ఏటి బాబూ, ఇది దారి కాదా అందంట పైడమ్మ. అతగాడికి దారి గొడవెందుకు, ఈ మూలనున్న నలుపేమిటన్నాడు. మా ఇంటి గుర్తు బాబూ అంది. అంతే, రాణిగారి వైపు తిరిగిపోయాడు. విన్నారా అమ్మగారూ, ఇంటి గుర్తట, గొప్పింటివాళ్ళ చీర మీద ఇంటి గుర్తుండాలి, గుర్తు లేని చీర కూడా ఒక చీరేనా అన్నాడు. రాణిగారు అప్పుడూపారు తల. మచ్చుకి ఆ చీర మాకుంచండన్నారు.

పైడమ్మ గంప దించేసింది. "అమ్మగోరూ, ఇది మాయమ్మ సీర. ముంజలన్నీ తీసేసుకోండి, సీర ఒగ్గీయండి" అని బతిమాలింది. నీ చీర నేను కడతానంటే ఏడుస్తావేమే, ఇంతకంటే గౌరవం ఏముంది నీకు అన్నారంట ఆవిడ. గౌరవం అంటే అదే మరి, మనకున్న ఒక్కటీ వాళ్ళు లాక్కోవడం. లోపలికి తీసుకెల్లి చీర విప్పించుకుని, బదులుగా ఆ పాత దోమతెర చీరొకటి చేతిలో పెట్టారు. పైడమ్మ ఆ దోమతెర మీద గోనెపట్టా చుట్టుకుని ఇంటికెల్లిపోయింది. గుడికెల్లలేదు. ఆ పూట పొయ్యి రాజెయ్యలేదు, చీర దాచే పెట్టె మూత తీసి ముందరెట్టుకుని ఏడుస్తూ కూచుంది.

ఇక ఊళ్ళో చూడాలి సంబరం. ఆ గుర్తు లేని చీరతో గుమ్మం దాటకూడదని దండోరా ఏయించారు. ఉన్న చీరలకి పసుపచ్చ రంగద్దించి, ఎర్రంచు కుట్టించి, ఎవరి పాత గుర్తు వాళ్ళు కత్తిరించి పారేసి, కోట దగ్గరే కొత్త గుర్తేయించుకున్నారు. మూడు చుక్కలూ కొక్కెం, మూడు చుక్కలూ కొక్కెం, ఏ చీర చూసినా అదే. చెంగు మూల ఏస్తే ఎవరికి కనబడుతుందని గుండెల మీద ఏయించుకున్నవాళ్ళు కొందరు. వీపు మీద ఏయించుకున్నవాళ్ళు కొందరు. ఇంకా ఎక్కడెక్కడో ఏయించుకున్నారు, ఇక్కడ పిల్లలున్నారు నేను చెప్పను. నల్లజీడి ఒంటికి తగిల్తే ఊరుకుంటుందా, బొబ్బలెక్కిపోయాయి. ఆముదం రాసుకోవే అంటే, రాస్తే బొబ్బ అణిగిపోతుంది, ఈ ఏడు బొబ్బలు కూడా ఉండాలటండీ అందంట ఒక మహాతల్లి.

మరి ఎండాకాలం. చెమట. ఎంత సింగారమైనా మాస్తుంది కదా. ఊరి బట్టలన్నీ రేవుకొచ్చాయి. గురివి మంచిదే, కాకపోతే మొండిది. ఉతికింది, ఆరేసింది, మడతెట్టింది, ఎవరివి వాళ్ళకి పంచుదామని గుర్తులు చూసింది. ఇది పైడమ్మది. ఇది పైడమ్మది. ఇదీ పైడమ్మదే. గాడిదల మీదకెత్తించి తిన్నగా పైడమ్మ వాకిట్లో దింపించేసింది. "ఇంత కలిసొచ్చిందని ఒక్క మాట సెప్పలేదేటొదినా" అని నిష్ఠూరాలాడింది కూడా. ఇయన్నీ మాయి కాదే అని పైడమ్మంటే, "గుర్తు మీ ఇంటిది, బట్ట మీ ఇంటిది. మాయత్త నాకలాగే సెప్పింది, నాను మరోలా సెయ్యను" అని గాడిదల్ని తోలుకుపోయింది.

పైడమ్మ ఆ గుట్టలో పడి వెతికింది. కళ్ళతో కాదు, చేత్తో వెతికింది. కుచ్చిళ్ళ దగ్గర వాళ్ళమ్మ పచ్చదారంతో మాసికేసింది, పసుపు దారం లేకపోతేను. ఆ మాసిక వేలికి తగిలింది. తగిలేసరికి ఆ చీర మొహానికెట్టుకుని అక్కడే కూలబడిపోయింది. అమ్మ మళ్ళీ వచ్చినంత సంతోషం ఆమెకి.

అంతలోకి బట్టలన్నీ ఇక్కడున్నాయని తెలిసి దొరసానులు దిగారు. దుప్పట్లు చుట్టుకున్నవాళ్ళు, దోమతెర్లలో వచ్చి చేతులడ్డమెట్టుకున్నవాళ్ళు, ముందర రాణిగారు. నీ చేతిలో ఆ పసుపచ్చ చీర నాది, మిగతావి ఎలా పోయినా నాకది కావాలన్నారావిడ. పైడమ్మ లేచి నిలబడింది, చీర వదల్లేదు. "అమ్మగోరూ, గుర్తు లేంది సీరే కాదంటే మీరు తలూపినారు. గుర్తు మాది. ఈ వాకిట్లో ఉన్నయన్నీ మాయేనని గురివంటంది. నానంతకి ఆశపడనండి. ఈ ఒక్కటీ నాది, కాదనకండి. మిగతాయి పట్టుకుపోండి" అంది. రాణిగారు వెనక్కి తిరిగి చూశారు. కాదన్నారో, ఆ దుప్పట్లవాళ్ళందరూ ఆవిణ్ణి అక్కడే పీక్కుతినేసేలా ఉన్నారు. సరేలే, ఉంచుకో అన్నారంట.

ఇక ఎవరిది వాళ్ళు తీసుకోండమ్మా అంటే, ఎవరూ కదలరు. ఏది తనదో ఒక్కామెకీ తెలీదు. అన్నీ ఒకటే రంగు, ఒకటే గుర్తు. చివరికి అందింది లాక్కుని, తగువులాడుకుంటూ పోయారు. రాణిగారి చేతికి కోట వంటామె చీర వచ్చిందంట, చెంగుకి పొయ్యి దగ్గర కాలిన మచ్చలుంటే తర్వాత తెలిసింది. మర్నాడే సింగారప్ప బల్లెక్కి, ఈ ఏడు వేసవికి పరాయివాళ్ళ చీర కట్టడమే సొగసని చెప్పేశాడు. ఆహా అన్నారందరూ. పైడమ్మ మాత్రం ముంజలమ్ముకుంటూ, పండక్కి వాళ్ళమ్మ చీర కట్టుకుంటూ బతికింది.

అదీ కథ. మీరలా నవ్వుతూ రాసుకుంటున్నారు గానీ బాబూ, మీ చొక్కా జేబు మీదా ఏదో గుర్తు కనబడుతోంది. అది మీ ఇంటిదేనా, కొన్నదా? గురివి ఉండుంటే ఈపాటికి మిమ్మల్ని ఒట్టి బనీనుతో పంపించేసేది.