గుడ్డ పట్టా, ఇనప పట్టా, కాగితం పట్టా

పోలీస్ స్టేషన్‌లో ఎస్.ఐ. గారు అడగగా, రైటర్ గారు రాసుకుంటుండగా, నేను నా నోటితో చెప్పుకున్నది ఇది.

నన్ను పట్టాలక్క అంటారు. అసలు పేరు కూడా పైన రాసుకున్నారు గానీ, ఆ పేరుతో పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడను. వయసు యాభై రెండు. వృత్తి, లారీల మీద సరుకు తడవకుండా కప్పే పట్టాలు కుట్టడం. కొట్టు పట్టాల రోడ్డులో, ఫౌండ్రీ మలుపు దగ్గర. మా నాన్న పెట్టిన కొట్టు. మా ఆయన ఇల్లరికం వచ్చిన దగ్గర్నుంచీ బేరాలు ఆయన చూస్తాడు, కుట్టుపని నేను చూస్తాను. ఆయన నోరు, నా చెయ్యి అని రోడ్డు మొత్తం అంటుంది. ఈ రోజు ఆ నోటి వల్లే ఆయన మీ లాకప్‌లో ఉన్నాడు. దొంగపట్టాలు తయారు చేస్తున్నాడని కేసట. ఆయన్ని ఇంటికి తీసుకుపోవడానికే నేను ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

ఇంతవరకు చెప్పేసరికే రైటర్ గారు కలం కింద పెట్టేశారు. "పట్టా అన్నప్పుడల్లా ఏ పట్టానో చెప్పమ్మా, లేకపోతే రేపు కోర్టులో మా కొంప మునుగుతుంది" అన్నారు. సరే అన్నాను. నేను కుట్టేది గుడ్డ పట్టా. రైలు నడిచేది ఇనప పట్టా. భూమి మీద హక్కు ఉందని ప్రభుత్వం ఇచ్చేది కాగితం పట్టా. ఇక నుంచి అలాగే చెబుతాను. మధ్యలో అలవాటు కొద్దీ ఉత్త పట్టా అంటే మీరే సర్దుకోవాలి.

ముందు రోడ్డు గురించి చెప్పమన్నారు. రోడ్డు పేరే మొదటి సాక్ష్యమని సర్వే అధికారి గారు ఫిర్యాదులో రాశారట. చెబుతాను.

పట్టాల రోడ్డు గూడ్స్ షెడ్డు గేటు దగ్గర మొదలవుతుంది. అక్కడ లారీల కాటా ఉంది. బరువు ఎక్కువైన లారీ కాటా ఎక్కితే డ్రైవరు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు, అలాగైనా కాస్త తగ్గుతుందని. కాటా దాటితే సబ్బుల ఫ్యాక్టరీ, దాని గోడకి ఆనుకుని తోళ్ల గోదాము. బస్సులో వెళ్లేవాళ్లు ముక్కు మూసుకోవాలో తెరుచుకోవాలో తేల్చుకునేలోపు నూలు మిల్లు వచ్చేస్తుంది. మిల్లు మూతపడి చాలా కాలమైంది. కండక్టర్లు మాత్రం ఇప్పటికీ "మిల్లు గేట్, మిల్లు గేట్" అని అరుస్తారు, దిగేవాళ్లూ దిగుతారు. దిగి ఎక్కడికి పోతారో నేను ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాత ఫౌండ్రీ, అక్కడ మలుపు, మలుపు మీద మా కొట్టు, పక్కన టైర్ల కొట్టు, అక్కడి నుంచి తిన్నగా వంతెన దాకా. వంతెన దాటాక అదే రోడ్డుకి ఇంకేదో పేరుంది. దాంతో మాకు సంబంధం లేదు.

మొదట్లో అక్కడ రోడ్డే లేదు. గూడ్స్ షెడ్డు నుంచి మిల్లులోకి, ఫౌండ్రీలోకి ఇనప పట్టాలు ఉండేవి. వాటి పక్కన బళ్లు నడిచి నడిచి బాట పడింది. బాట మీదకి లారీలు వచ్చాయి. లారీలు వచ్చాక రైలు రావడం మానేసింది. ఇనప పట్టాలు పీకించే తీరిక ఎవరికీ లేక వాటి మీదే తారు పోశారు. ఇప్పటికీ గట్టి వాన పడితే తారు లేచిపోయి కింద పట్టాలు పళ్లు ఇకిలిస్తాయి, సైకిళ్ల మీద పోయేవాళ్లు వాటిలో చక్రం ఇరుక్కుని పడతారు. ఫౌండ్రీ దగ్గర మలుపెందుకు ఉందని అందరూ రోడ్డు వేసినవాళ్లని తిడతారు. రైలింజను ఒక్కసారిగా పక్కకి తిరగలేదు కాబట్టి పట్టాలు వంగాయి, పట్టాలు వంగాయి కాబట్టి రోడ్డు వంగింది, రోడ్డు వంగింది కాబట్టి లోపలి వైపు కాస్త నేల మిగిలింది.

మా నాన్న గూడ్స్ షెడ్డులో మూటలు దించే కూలీ. పైకప్పు లేని వ్యాగన్లలో సరుకు తడిసి ముద్దవడం చూసి చూసి, అత్తగారి కుట్టుమిషను అడిగి తెచ్చుకుని, ఆ మిగిలిన నేల మీద కూర్చుని గుడ్డ పట్టాలు కుట్టడం మొదలుపెట్టాడు. మిషను తిరిగి ఇచ్చెయ్యమని మా అమ్మమ్మ కన్నుమూసేదాకా అడుగుతూనే ఉంది. ఇనప పట్టాలు తారు కిందకి పోయేసరికి మా గుడ్డ పట్టాలు పైకి వచ్చాయి. అందువల్ల రోడ్డు పేరు మార్చాల్సిన పని ఎవరికీ పడలేదు. ఎస్.ఐ. గారు "కాగితం పట్టాల వల్ల రాలేదు కదా పేరు?" అని అడిగారు. రాలేదు.

ఇప్పుడు ఆ రోడ్డుని వెడల్పు చేస్తారట. కొట్టు స్థలానికి కాగితం పట్టా ఉన్నవాళ్లకి వేరే చోట స్థలం ఇస్తారట, లేనివాళ్లు సామాను సర్దుకోవాలట. ఎవరికి ఉందో ఎవరికి లేదో చూడటానికి సర్వే అధికారి గారు ఈ రోజు పొద్దున వచ్చారు. వేరే ఊరి నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చారు. వాళ్ల వైపు మా సరుకుని టార్పాలిన్ అనే అంటారట. ఉద్యోగమంతా భూముల ఆఫీసులోనే గడిచిన మనిషి, ఆయనకి పట్టా అంటే కాగితమే. ఆయన టీ కొట్టు దగ్గర ఆగి, ఈ రోడ్డుకి ఆ పేరెందుకు వచ్చిందని అడిగారు. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తకుండా, "ఇంకెందుకు సార్, పట్టాలక్క వల్లే. ఎవరికి పట్టా కావాలన్నా ఆ మలుపు దగ్గరికే. బయటూళ్ల నుంచి కూడా వస్తారు" అన్నాడు. రోడ్డుకి పేరు పెట్టుకునేంత బాహాటంగా దందా నడుస్తోందా అని అధికారి గారికి ఒళ్లు మండిపోయింది. ఆ కోపంతోనే మా కొట్టుకి వచ్చారు.

మా కొట్టు ముందు గదిలో బల్ల, రెండు కుర్చీలు తప్ప ఏమీ ఉండవు. సరుకంతా వెనక షెడ్డులోనే. నేను అక్కడ పట్టా అంచులకి తాడు దూర్చే రింగులు కొడుతున్నాను. మధ్యలో తడిక ఒక్కటే అడ్డం. మాటలన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి.

"ఇక్కడ పట్టాలు ఇచ్చేది ఎవరు?" అన్నారు అధికారి గారు.

"మేమే సార్, కూర్చోండి. ఈ రోడ్డు మొత్తానికి మేమే" అన్నాడు మా ఆయన.

"ఎవరి పేరు మీదైనా ఇస్తారా?"

"ఏ పేరు చెబితే ఆ పేరు వేసి ఇస్తాం. అక్షరాలు మాత్రం మీరే రాసివ్వాలి సార్. పోయినసారి ఒకాయన పేరుకి దీర్ఘం పెట్టానని నా మీద ఎంత ఎగిరాడో!"

"విస్తీర్ణం ఎంత వరకు?"

"అది మీ ఇష్టం. పొడవు, వెడల్పు చెప్పండి చాలు. మరీ పెద్దది కావాలంటే రెండు కలిపేస్తాం."

"అన్నదమ్ములిద్దరికీ ఒకటే ఉంటే?"

"మధ్యకి కోసి చెరిసగం చేస్తాం. అంచులు మడిచేస్తే కోసినట్టే తెలియదు."

"పాతవి కూడా చేస్తారని విన్నాను."

"పాతది తెచ్చి ఇవ్వండి సార్, కొత్తదో పాతదో మీరే కనిపెట్టలేరు. మా ఆవిడ చేతిలో ఆ పనితనం ఉంది."

ఇదంతా విని నేను లోపల మురిసిపోయాను. ఆయన నన్ను పొగడటం అరుదు. అధికారి గారు అడిగేది కాగితం పట్టా గురించని నాకూ తట్టలేదు, అది కూడా రాసుకోండి. లారీల మీద సరుకు కప్పేవాళ్లు మా దగ్గర పేరు వేయించుకుంటారు, గూడ్స్ షెడ్డులో ఒకరి పట్టా ఇంకొకరు ఎత్తుకుపోకుండా. ఏ పేరు అంటే ఆ పేరు అన్నది అందుకే.

అప్పుడు అధికారి గారు, "మరి మీ కొట్టుకి పట్టా ఉందా?" అన్నారు.

మా ఆయనకి రోషం వచ్చింది. పట్టాల కొట్టువాడిని పట్టుకుని నీకు పట్టా ఉందా అంటే ఎవరికి రాదు? "ఉండకపోవడమేంటి సార్! మా మామగారు తన చేత్తో చేసింది. ఈ రోజుకీ చెక్కుచెదరలేదు" అన్నాడు.

"ఎక్కడుంది?"

"పైన."

మా ఆయన చెప్పింది కప్పు సంగతి. మా కొట్టు రేకుల మీద మా నాన్న కుట్టిన గుడ్డ పట్టా పరిచి ఉంటుంది. అధికారి గారు పైన అంటే పై అధికారుల దగ్గర అనుకున్నారు. "పైవాళ్లకి కూడా సంబంధం ఉందా?" అన్నారు గొంతు తగ్గించి.

"పైనంతా అదే సార్" అన్నాడు మా ఆయన.

మేమిచ్చిన టీ కూడా తాగకుండా అధికారి గారు వెళ్లిపోయారు.

భోజనాల వేళకి జీపు వచ్చింది. "పట్టాలు ఎక్కడ దాచావ్?" అంటే మా ఆయన కంచం ముందు నుంచి లేచి సంబరంగా షెడ్డు తలుపు తీశాడు. పోలీసువాళ్లకి జీపుల మీదకి కావాలేమో, పెద్ద బేరం తగిలిందనుకున్నాడు. కానిస్టేబుళ్లు గుడ్డ పట్టాల కింద కాగితం పట్టాల కోసం వెతికారు. మైనం పట్టించిన పెద్ద పట్టాని ఒక్కరే ఎత్తకూడదని నేను అరుస్తూనే ఉన్నాను. వినలేదు. ఒక్కరే ఎత్తి నడుము పట్టేసుకున్నది, అదిగో ఆ బల్ల మీద బోర్లా పడుకున్న కానిస్టేబుల్ గారే. ఆయన నడుముకి నేను బాధ్యురాలిని కానని రాసుకోవాలి. ఒక్క కాగితం దొరకలేదు. దొరకలేదంటే ఎంత బాగా దాచారో అన్నారు. మా ఆయన్ని జీపు ఎక్కించారు. ఎక్కాక కూడా కొలతలు తీసుకోవడానికి తీసుకెళ్తున్నారనుకుని ఆయన నవ్వుతూనే ఉన్నాడు. మలుపు తిరిగే దగ్గర పక్కన ఉన్న కానిస్టేబుల్ ఏదో చెప్పాడు, నవ్వు ఆగిపోయింది. అది చూసి కంచం అలాగే వదిలేసి బయలుదేరాను. టైర్ల కొట్టాయన తోడు వచ్చాడు. మా ఆయన్ని అన్నయ్యా అని, నన్ను వదినా అని పిలుస్తాడు.

నేను ఇక్కడికి వచ్చి ఇదంతా చెప్పేసరికి ఎస్.ఐ. గారు మొదట దగ్గారు, తర్వాత నవ్వు ఆపుకోలేక కాసేపు బయటికి వెళ్లి వచ్చారు. అప్పటికే ఇక్కడ కూర్చుని ఉన్న సర్వే అధికారి గారు కూడా నవ్వారు. నవ్వినంతసేపూ మంచి మనిషిలాగే ఉన్నారు. ఇక తాళం తీస్తారనుకున్నాను.

"ఇంకొక్కటి మిగిలింది" అన్నారాయన. కొట్టుకి పట్టా ఉందని మా ఆయన చెప్పిన మాట ఆయన రాసుకుని ఆఫీసుకి పంపేశారట. ఆఫీసులో మా కొట్టుకి అలాంటి కాగితం లేదట. "నా మీద కోపం పెట్టుకోకమ్మా. ఉంటే చూపించాలి. చూపించకపోతే అది దొంగపట్టా కిందే లెక్క, మీ ఆయన మీద కేసు నిలబడుతుంది. లేదంటే అది గుడ్డ పట్టా, స్థలానికి మాత్రం మాకు ఏ హక్కూ లేదు అని నువ్వు ఇక్కడ రాయించాలి" అన్నారు.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆయన్ని బయటికి తెచ్చే మాటే కొట్టుని పడగొట్టే మాట.

టైర్ల కొట్టాయన నా చెవిలో, "వదినా, తొందరపడకు. కాగితం ఇంట్లోనే ఎక్కడో ఉంది, వెతకాలి అను. కేసు నడిచినన్నాళ్లూ కొట్టు జోలికి ఎవరూ రారు. అన్నయ్యకేం, రేపోమాపో బెయిలు వస్తుంది" అన్నాడు. మళ్లీ తనే, "నా కొట్టు కూడా నీ గోడకే ఆనుకుని ఉంది కదా" అన్నాడు. ఆయన భయం ఆయనది.

చెవిలో చెప్పిన మాట లాకప్ దాకా వినపడింది. టైర్ల కొట్టాయన గొంతు అలాంటిది. ఊచల వెనక నుంచి మా ఆయన, "ఏమే, వాడు చెప్పింది విను. నేనుంటాలే. ఇక్కడ ఫ్యాను కూడా ఉంది. కొట్టు పోనివ్వకు, అది మీ నాన్నది" అన్నాడు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మనిషి నోరు పారేసుకోవడం, నేను వెనక నుంచి సర్దుకుంటూ రావడం, ఇదే మా కాపురం. ఇన్నేళ్లలో ఆయన ఆలోచించి అన్న మాట ఇదొక్కటే. అదీ తను జైల్లో ఉంటానని. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చినట్టు రాయనవసరం లేదన్నారు రైటర్ గారు. రాయమన్నాను.

ఆయన మాట నేను ఏనాడూ వినలేదు. ఇప్పుడూ వినలేదు.

రాసుకోండి. మా కొట్టు మీద ఉన్నది మా నాన్న కుట్టిన గుడ్డ పట్టా. కాగితం పట్టా నాకు లేదు, మా నాన్నకీ లేదు. నేల ఖాళీగా ఉంది కదా అని ఆయన కూర్చున్నాడు. లేచేలోపు నేను పుట్టాను. ఉందని మా ఆయన అన్నది కప్పు గురించే, స్థలం గురించి కాదు. ఆయన ఎవరినీ మోసం చెయ్యలేదు. ఆయనకి అంత ఓపిక లేదు.

రైటర్ గారి కలం ఆగింది. "అమ్మా, ఈ మాట రాశాక దిద్దడానికి ఉండదు. మళ్లీ ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకునే చెప్పానన్నాను.

పైనదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అబద్ధం లేదు. నన్నెవరూ బెదిరించలేదు. ఆశ పెట్టింది మాత్రం టైర్ల కొట్టాయన ఒక్కడే. సంతకం పెట్టమని కాగితాలు నా ముందుకి జరిపారు. పెట్టాక తాళం తీస్తారా అని అడిగాను. తీస్తామన్నారు. ముందు తీయండి, తర్వాత పెడతాను అన్నాను. ఎస్.ఐ. గారు నా మొహం చూశారు, సర్వే అధికారి గారి మొహం చూశారు, తాళంచెవి తెప్పించారు. మా ఆయన బయటికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా పక్కన నిలబడ్డాక ఈ కింద సంతకం పెట్టాను.

(సంతకం)