రాలేనివారి కుర్చీ

1987 జూన్ పన్నెండవ తేదీన ఆర్థిక శాఖ వ్యయ ప్రాధాన్య విభాగంలో సహాయకురాలిగా ప్రవేశించి, నేడు సంచాలకురాలిగా పదవీ విరమణ చేస్తున్న ఆమెను కార్యాలయమంతా ‘కుర్చీ మేడమ్’ అంటుంది. తమతోపాటు ఆ కుర్చీ కూడా సమావేశ మందిరం విడుస్తుందా అన్నదొక్కటే ఈ విరమణవేళ ఆమెను వేధించిన ప్రశ్న.

ఆమె చేరిన నాడు ప్రణాళికే ప్రభువు. దేనికి ముందు ఖర్చు పెట్టాలో పైనుంచి ఉత్తర్వు దిగేది. ఉక్కు కర్మాగారానికి అడగకుండానే, లంకల మధ్య తిరిగే పడవ వైద్యశాలకు ఏదైనా మిగిలితే. తర్వాత విపణి వచ్చింది. లాభం చూపగలవారికే ముందు వరుస దక్కింది. పడవ మాత్రం అట్టడుగునే ఉండిపోయింది. మొదటి ఏలుబడిలో అడగడం అపరాధం, రెండవదానిలో అడిగే స్తోమత లేకపోవడం అపరాధం. ఈ రెంటినీ సిద్ధాంతాలని కీర్తించిన విద్వాంసులెవరూ ఆ పడవ ఎక్కిన పాపాన పోలేదు.

అందుకే ఆమె ప్రాధాన్యాల సమావేశంలో ఒక కుర్చీని ఖాళీగా ఉంచసాగారు. కొత్తగా వచ్చిన కార్యదర్శి ఒకనాడు తెలియక అందులో కూర్చున్నారు.

“లేవండి సార్, అక్కడ మనుషులున్నారు.”

“ఎవరండీ? నాకెవరూ కనబడట్లేదే!”

“వాళ్ల బాధా అదే కదా సార్. ఇక్కడిదాకా రాలేరు. మీరు వాళ్ల ఒళ్లో కూర్చున్నారు.”

కార్యదర్శి దిగ్గున లేచి, ఖాళీ కుర్చీకే “క్షమించండి” అన్నారు. గది గొల్లుమంది. ఆమె నవ్వలేదు. ఆ ఏడు పడవకు నిధులు ఆగలేదు.

తల్లి జీవించినన్నాళ్లూ ఆమె ఇంట ప్రాధాన్యాలు పోట్లాటలోనే తేలేవి.

“ముందు నీ కళ్లద్దాలమ్మా.”

“నా కళ్లు చూసింది చాల్లేవే! ముందు నీ చెప్పులు చూసుకో, నోళ్లు తెరుచుకున్నాయి.”

ఎవరి అవసరం ముందో ఎదుటివారే తేల్చే ఆ విధానానికి ఏ అర్థశాస్త్ర గ్రంథమూ పేరు పెట్టలేదు. తల్లి పోయాక భోజనబల్లకు ఆవల కుర్చీ ఖాళీ అయింది. కసిరేవారు లేక, ఆమె తమకోసం ఏదీ కొనుక్కోవడం మానేశారు.

గతవారం, స్థలం చాలదన్న సాకుతో కార్యాలయంలోని ఆ కుర్చీని తొలగించే ప్రతిపాదన రానే వచ్చింది. ఆమె మారుమాటాడలేదు, వారం తిరిగితే తామూ ఆ గదికి రాలేనివారే కదా. మాట్లాడింది ఆ కార్యదర్శే.

“చోటు చాలకపోతే నా కుర్చీ తీసెయ్యండయ్యా, నిలబడతాను. వాళ్ల ఒళ్లో ఒకసారి కూర్చున్న పాపం చాలు.”

కుర్చీ నిలిచింది.

ఆమెకు నిండు ఆరోగ్యమూ, సుదీర్ఘమైన ఆయుర్దాయమూ సిద్ధించుగాక. అయితే ఆకాంక్షించి ఊరుకోవడం మన కార్యాలయాలకు అలవాటైన దుర్గుణం. కనుక ఆదివారాలైనా మనలో ఒకరు వెళ్లి, ఆ భోజనబల్లకు ఆవల కూర్చుని, ముందు చెప్పులు కొనుక్కోమని ఆమెతో పోట్లాడుదురుగాక.