చల్లారిన కాపడం

కంటి లెన్సుల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన భర్త, ఆపరేషన్లో లెన్సు వేసిన, తనకు మిగిలిన ఒక్క కంటికి వేడి గుడ్డతో కాపడం పెట్టుకుంటున్నాడు.

"చలికి లెన్సు మసకబారుతుందే. ఎన్ని చూశాను. ఒంటి వేడి తగిలితే అదే తేటబడుతుంది."

"ఇక చాలించండి, రెప్ప కందిపోతోంది."

"నన్ను బయట కూర్చోబెట్టి డాక్టరేమన్నాడు?"

"లెన్సు తేటగా ఉందన్నారు."

"నే చెప్పలా? మరి నీ మొహం ఇంకా పొగలో ఉన్నట్టుందేం?"

వెనక నరం చచ్చిపోయిందనీ, ఇక చూపు రాదనీ డాక్టరన్న మాట ఆమె బయటపెట్టలేదు.

"లెన్సుదేం తప్పు లేదటండీ."

అతను గుడ్డ కంటి మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గుడ్డ చల్లారిపోయింది. వేడి చేసి తేనా?" అని ఆమే అడిగింది.

"ఎందుకులే. లెన్సు తేటగానే ఉందన్నావుగా."