చిన్న బెజ్జాలు

ఆరో అంతస్తులో కొత్తగా బిగించిన అద్దాల కిటికీ మీద బయటినుంచి పైపులు పావుగంటగా నీళ్లు చిమ్ముతున్నాయి. లోపలికి నీళ్లు కారుతున్నాయేమోనని టార్చి వేసి చూస్తున్న పరీక్షల ఆవిడ పక్కనే, ఆ కిటికీ బిగించిన మేస్త్రీ గొంతుక్కూర్చున్నాడు.

"నీళ్లు ఆపించండి మేస్త్రీగారూ. మళ్లీ కారుతోంది."

"చెమ్మేమో చూడండమ్మా."

"చెమ్మకి నా సాక్సు తడుస్తుందా? పోయినసారి మూల రబ్బరు పొట్టిగా ఉందన్నాను, మార్చారా?"

"మార్చానమ్మా. పైగా నా చేత్తో గమ్ము కూడా పూశాను. చుక్క రాకూడదే!"

"గమ్ము ఎక్కడ పూశారు?"

"బయట, ఫ్రేము అడుగున. ఇంత ఖరీదైన కిటికీకి మూడు బెజ్జాలు వదిలేశారమ్మా! చూడగానే గుండె గుభేలుమంది. పైనుంచి తాళ్లకి వేలాడే ఉయ్యాల మీద దిగి పూడ్చేశాను."

"అవి ఫ్రేములోకి దూరిన నీళ్లు బయటికి పోవడానికి కావాలని పెట్టినవండీ. ఆ దారి మూసేస్తే గదిలోకి కాక ఇంకెక్కడికి వస్తాయి?"

మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి తడిసిన నేల తుడవసాగాడు.

"ముప్పై ఏళ్లు చెక్క కిటికీలు చేసిన చెయ్యమ్మా ఇది. బెజ్జం కనబడితే ఊరుకోదు."

"సరే, దీని గమ్ము గీకించండి. ఈలోగా పక్కది చూసేస్తాను. పొద్దుట్నుంచీ కాళ్లు పీక్కుపోతున్నాయి."

"పక్కది వద్దమ్మా."

"పోనీ, పై అంతస్తులోది?"

"అదీ వద్దు."

"అసలు ఎన్నింటికి పూశారండీ?"

"పని సగంలో వదిలేసే అలవాటు నాకు లేదమ్మా."